ఎవరు నొక్కారు

1981 జూన్ 15

ఇవాళ్టి నుంచి కంపెనీలో ఇంగ్లీషు క్లాసు. వారానికి రెండు సాయంత్రాలు. మిషన్ స్కూల్లో పొద్దంతా గొంతు చించుకున్నది చాలక ఇదొకటి నా ప్రాణానికి. కృపాకర్ గారు చర్చి మెట్ల మీద పట్టుకుని అడిగారు. ఆయన మా సంఘంలో పెద్ద, కంపెనీలో పర్సనెల్ ఆఫీసర్. నా తమ్ముడు జాన్‌బాబు అక్కడే ఫిట్టరు. కాదంటే వాడి మీద పడుతుందేమోనని నా భయం. ఆ భయం సంగతి ఆయనకూ తెలుసు. అందుకే అంత మెత్తగా అడిగారు.

రైళ్ళలో వచ్చే ముడి ఇనుము బెల్టుల మీద పోర్టుకి పంపించడం ఆ కంపెనీ పని. ఆ దుమ్ముకి గోడలెరుపు, కాకులెరుపు, మనుషుల కనురెప్పలు కూడా ఎరుపే. తెల్ల చీర కట్టుకుని వెళ్ళిన నా బుద్ధికి చెప్పుచ్చుక్కొట్టాలి.

క్యాంటీను బల్లల మీద పాతికమంది దాకా కూర్చున్నారు. వెనకాల గోడకి చేరగిలబడి ఫోర్‌మన్ కొండలరావు. మీసం ఉన్నంత మర్యాద లేదు. ఏటి టీచరమ్మా, నలభయ్యేళ్ళు దాటీసినాక ఏబీసీడీలు దిద్దమంతారేటి అన్నాడు. అందరూ నవ్వారు. దిద్దక్కర్లేదు, నోరు మూసుకుని వింటే చాలు అన్నాను. ఎవరూ నవ్వలేదు. బోణీ బాగుంది.

జూన్ 22

మిషన్ల మీద బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, వీళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి. అదీ నా ఉద్యోగం. షట్‌డౌన్ అంటే ఏమిటని అడిగాను. మిషను చచ్చిపోయిందని ఒకడు. సెలవని ఇంకొకడు. సెలవన్నవాడికి చప్పట్లు.

అప్పుడు నాకు ఊపొచ్చింది. ఇలాంటి మాటలన్నీ రెండేసి ముక్కల క్రియలనుంచి పుట్టాయని చెప్పాను. షట్, డౌన్. మొదట ఒక మనిషి ఉంటాడు, వాడు మూస్తాడు. వాడుకలో అరిగి అరిగి ఆ రెండు ముక్కలూ అతుక్కుపోతాయి. షట్‌డౌన్ అని ఒక వస్తువు తయారవుతుంది. మూసినవాడు మాత్రం ఎక్కడో జారిపోతాడు. బ్రేక్‌డౌన్, హ్యాండోవర్, లేఆఫ్, అన్నీ ఇదే కులం. లాకౌట్ అయితే మరీ ఘోరం. ఒకడు ఇంకొకణ్ణి బయటికి నెట్టి తలుపుకి తాళం వేశాడు, అదీ మొదటి అర్థం. తాళంచెవి ఎవరి జేబులో ఉందో కళ్ళకి కనబడుతుంది. పేపర్లో పడేసరికి లాకౌట్ జరిగింది అంటారు, వాన పడింది అన్నట్టు. కాబట్టి ఇలాంటి మాట ఎక్కడ కనబడినా ముందు ఎవరు అని అడగండి అన్నాను. ఎవరు మూశారు, ఎవరు ఆపారు, ఎవరు తాళం వేశారు.

నా జన్మలో ఇంత బాగా ఎప్పుడూ పాఠం చెప్పలేదు. కొండలరావు పాతికమందికీ వినబడేలా ఆవులించాడు.

జూలై 9

ముందు బల్ల మీద కూర్చునే నజీర్ అహ్మద్ ఒక్కడే పుస్తకం తెచ్చుకుంటాడు. పాత ఊరివాడు, ఎలక్ట్రీషియన్. స్టాండ్‌బై ఎక్కడిదని అడిగాడు. ఓడలవాళ్ళ దగ్గర పెరిగిన మాటని చెప్పాను. లుక్‌అవుట్ కూడా అంతే, ఓడ మీద నిలబడి దూరం చూసే మనిషి. నజీర్ వాళ్ళ నాన్న పోర్టు లాంచీలో పనిచేశాడట, ఆ మాటలు ఇంట్లో వింటూ పెరిగాడట. ముఖం వెలిగిపోయింది.

దొరలు ఓడలోంచి సరుకు దింపీసి, మాటలు కూడా దింపీసి ఎలిపోనారు, ఇప్పుడు మోసీవోలం మనం అన్నాడు వెనకనుంచి కొండలరావు. నాకూ నవ్వొచ్చింది. చచ్చినా నవ్వలేదు.

ఆగస్టు 17

ఎర్ర బిళ్ళలొచ్చాయి. అరచెయ్యంత రేకు బిళ్ళలు. బెల్టు కింద పనికి దూరేవాడు పైన ప్యానెల్లో స్విచ్చికి బిళ్ళ తగిలించి మరీ దూరాలి, బయటికొచ్చాక తనే తీసుకోవాలి. కృపాకర్ గారి కొత్త రూలు. మంచి రూలే.

బిళ్ళల మీద షట్‌డౌన్ అని ఇంగ్లీషులో ఉంది. కింద తెలుగులో రాయమన్నారు. నిలుపుదల అని రాయమన్నారు ఆయన. నేను ఒప్పుకోలేదు. లోపల మనిషి ఉన్నాడు అని రాశాను. పెయింటు డబ్బా తెప్పించుకుని అన్నిటి మీదా నా చేత్తోనే రాశాను.

కొండలరావు ఒకటి తీసి తిప్పి చూసి, ఎర్రగుంటే సాలదేటి, రామాయణం రాయాలా అన్నాడు. నీకు చదవడం రాదని అందరికీ రాకుండా పోదు అన్నాను. సదవడం వొచ్చమ్మా, అవుసరం రాలేదు అన్నాడు. పక్కనున్న జాన్‌బాబు నా కొంగు లాగాడు. ఇంటికొచ్చాక, ఆయన నా ఫోర్‌మన్ అక్కా, ఆయన్తో తగువెట్టుకోకు, మంచోడే అన్నాడు. మంచివాడట. వీడికి కుక్క కరిచినా మంచిదే.

సెప్టెంబర్ 3

కొండలరావు ఇవాళ రాలేదు. క్లాసు హాయిగా జరిగింది.

అక్టోబర్ 7

రేపు దసరా. కంపెనీలో మిషన్లకి పూజ. అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. దసరానాడు క్రైస్తవులు, ముస్లిములు డ్యూటీ చేస్తారు, మిగిలినవాళ్ళు పూజ చేసుకుంటారు. క్రిస్మస్‌కీ రంజాన్‌కీ వాళ్ళు వీళ్ళ డ్యూటీ చేస్తారు. ఎవరూ కాగితం మీద రాసింది కాదు. అందులో మాత్రం నేను వంక పెట్టలేను.

బెల్టు పొద్దంతా ఆగేది రేపొక్కరోజే కాబట్టి జాన్‌బాబు కింద రోలర్లు మారుస్తాడు. నువ్వూ రా అక్కా, పులిహోర బాగుంతాది అన్నాడు. వెధవకి తిండి ధ్యాస తప్ప ఇంకోటి లేదు. వెళ్తాను.

అక్టోబర్ 8, సాయంత్రం

రాయాలి. రాయకపోతే రేపు ఎవరో ఒకరు ఇంకోలా చెప్తారు.

పదింటికి వెళ్ళాను. ప్యానెళ్ళు, మోటార్లు కడిగి పసుపూ కుంకుమా పెట్టారు. బంతిపూల దండలు. సన్నాయి మేళం షెడ్డు రేకులెగిరిపోయేలా వాయిస్తున్నారు. షెడ్డుకి అడ్డంగా తోరణం కట్టారు. మావిడాకులు, మధ్యమధ్య ఎర్ర బిళ్ళలు. కడిగి, పసుపు బొట్టు పెట్టి వరసగా వేలాడదీశారు. లోపల మనిషి ఉన్నాడు, లోపల మనిషి ఉన్నాడు, లోపల మనిషి ఉన్నాడు. నా అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో అని మురిసిపోయాను. అదీ నేను చేసింది.

కొబ్బరికాయ కొట్టాక బెల్టు ఒక్క తిప్పు తిప్పి ఆపడం వాళ్ళ పద్ధతి. పెద్దవాళ్ళ చేత తిప్పిస్తారు. కొండలరావు కృపాకర్‌ని చెయ్యి పట్టుకుని ప్యానెల్ దగ్గరికి తీసుకొచ్చాడు, నుదుట కుంకుమ పెట్టాడు. కృపాకర్ నవ్వుతూ, నావైపు ఒకసారి చూసి, పచ్చ బటన్ నొక్కాడు. నేను కళ్ళారా చూశాను.

మేళంలో కేక వినబడలేదు. నజీర్ అహ్మద్ ఎక్కడినుంచో పరిగెత్తుకుంటూ వచ్చి మెయిన్ స్విచ్చి లాగేశాడు. అప్పుడు మేళం ఆగింది. అప్పుడు వినబడింది.

జాన్‌బాబు బెల్టు కిందే ఉన్నాడు.

అక్టోబర్ 9

ఎడమ చెయ్యి మోచేతి దాకా తీసేశారు.

అక్టోబర్ 11, ఆదివారం

చర్చిలో జాన్‌బాబు కోసం ప్రార్థన చేయించారు. చేయించింది కృపాకర్. ప్రమాదానికి గురైన మన సోదరుడు అన్నాడు. నుదురు శుభ్రంగా ఉంది. నేను ఆమెన్ అనలేదు. మొన్న రాసేటప్పుడే ఆయన పేరు పక్కన గారు పోయింది, ఇకమీద ఈ డైరీలో అది దండగ.

అక్టోబర్ 16

పెద్దాసుపత్రిలో మంచం పక్కనే కూర్చుని స్కూలు పేపర్లు దిద్దుతున్నాను. జాన్‌బాబు పొద్దున్న లేవగానే, బిళ్ళ ఏలాడదీసేనక్కా, నా సేత్తోనే తగిలించేను అన్నాడు. అని, దుప్పటి మీదకి చూసుకున్నాడు. నేను మంచినీళ్ళ మిషతో బయటికి వచ్చేశాను.

వరండాలో కొండలరావు. సింహాచలం వెళ్ళి గుండు చేయించుకున్నాడట. మీసం కూడా లేదు. ఓపాలి చూసెల్తానమ్మా అన్నాడు. ఆ బిళ్ళలు తోరణం కట్టింది ఎవరు అని అడిగాను. తల దించుకున్నాడు. దేవుడికి వెంట్రుకలిస్తే నా తమ్ముడికి చెయ్యి మొలుస్తుందా, పో అవతలికి అన్నాను. నర్సు వచ్చి నన్ను కసిరింది. పోయాడు. లోపలికి వెళ్తే జాన్‌బాబు, పాపం పిలవకపోయేవా అక్కా అంటాడు. వీడి మంచితనం తగలెయ్య.

అక్టోబర్ 24

జాన్‌బాబుని ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న మర్నాడే కృపాకర్ మా ఇంటికి వచ్చాడు. యాపిల్ పళ్ళు తెచ్చాడు. ఎంక్వయిరీ జరుగుతుందట, అది చేసేది తనేనట. బిళ్ళ తగిలించకుండా దిగినందుకు జాన్‌బాబు ఉద్యోగం పోవలసిందేనట. కానీ ఒకే సంఘం వాళ్ళం కదా. చిన్న స్లిప్‌అప్, అంటే పొరపాటు, అయిందని వాడే ఒప్పుకుంటే స్టోర్సులో కూర్చునే పని ఇప్పిస్తాడట. స్లిప్‌అప్ పెద్ద మాటేం కాదు, అందరికీ అయ్యేదే అన్నాడు.

జారినవాడు ఎవరు అని అడిగాను. అర్థం కానట్టు చూశాడు. అమ్మా జయశీలా, నువ్వు చదువుకున్నదానివి, ఆలోచించు అన్నాడు. ఆలోచించాను. పళ్ళ బుట్ట అతని స్కూటర్ మీద పెట్టి వచ్చాను.

జాన్‌బాబు ఒప్పేసుకుంటానంటాడు. ఒంటి సేత్తో నాకెవుడు పనిత్తాడక్కా, తప్పు నాదేననీసుకుంతే గొడవొదిలిపోద్ది అంటాడు. ఒప్పుకుంటే రేపు స్టోర్సులో కూర్చున్నా, ఫలానావాడు జాగ్రత్త లేనివాడు, చెయ్యి పోగొట్టుకున్నాడు అంటారు, చచ్చేదాకా అంటారు అని అరిచాను. అననీ అన్నాడు. ఇద్దరం తిండి తినలేదు. పొద్దున్న కొన్న చేపలు పిల్లి పాలయ్యాయి.

నవంబర్ 3

ఎంక్వయిరీ మొదలు. నేను చూశాను, సాక్ష్యం చెప్తాను అంటే సొంత అక్క మాట పనికిరాదన్నాడు కృపాకర్. తర్జుమాకి, టైపుకి మాత్రం నేనే కావాలి. ఎందుకో నాకు తెలుసు. తర్జుమా చేసే నోట్లో సొంత మాట ఉండకూడదు. నన్ను అక్కడే కూర్చోబెట్టి నోరు కట్టేశాడు.

తమాషా ఏమిటంటే గదిలో అందరం తెలుగువాళ్ళమే. వాళ్ళు తెలుగులో చెప్తారు, కృపాకర్‌కి అర్థమవుతుంది, అయినా నేను ఇంగ్లీషులో చెప్పాలి, అతను కాస్త మార్చి టైపు చెయ్యమంటాడు, చేశాక నేను చదివి తెలుగులో వినిపించాలి, వాళ్ళు సంతకం పెట్టాలి.

ఇద్దరు ఆపరేటర్లు వచ్చారు, గవర్రాజు, పోలిరాజు. బిళ్ళ సూడలేదు బాబూ. ఎవురు నొక్కేరో సూడలేదు బాబూ. మేళం కాడున్నాం. నేలని చూస్తూ చెప్పారు. నా క్లాసులో ముందు బల్లవాళ్ళు. సంతకాలు మాత్రం ఇంగ్లీషులో పెట్టారు, నేను నేర్పినవే.

నజీర్ అహ్మద్ తను మెయిన్ లాగినప్పుడు స్విచ్చికి బిళ్ళ లేదనీ పూలదండ ఉందనీ చెప్పాడు. చూసిందే చెప్పాడు. కానీ అది కృపాకర్‌కే పనికొస్తుంది, అందుకే వాడి మీదా ఒళ్ళు మండింది.

రేపు కొండలరావు. వాడు చెప్పబోయేది నాకిప్పుడే తెలుసు. పూజకి చెడ్డపేరు తేవద్దని అందరి చెవుల్లోనూ ఊదాడట కృపాకర్. కొండలరావుకి ఇద్దరాడపిల్లల చదువులున్నాయి. రేపటితో జాన్‌బాబు సంగతి అయిపోయినట్టే. నా తమ్ముడి చెయ్యి తినేసింది చాలక వాడి నిజం కూడా తినేస్తారు.

నవంబర్ 4

వరసగా రాస్తాను.

కొండలరావు వచ్చి నిలబడ్డాడు. కుర్చీలో కూర్చోలేదు. కృపాకర్ అడగకముందే మొదలెట్టాడు. బిళ్ళలన్నీ నానే తీయించేను బాబూ. కడిగించేను, తోరణం కట్టించేను. జాన్‌బాబు తగిలించిన బిళ్ళ కూడా అందులోదే. ఆడు తగిలించేడు. కడిగేటప్పుడు స్విచ్చి మీంచి తీసింది నానే. పండగ పూట లోపల ఎవుడుంతాడనుకున్నాను. ఆడు డూటీ సేస్తన్నాడని తెలిసీ అడగలేదు. తప్పు నాది. బటను నొక్కమన్నది నాను. నొక్కింది మీరు బాబూ.

నేను ఇంగ్లీషులో చెప్పాను, ఒక్క మాట పోకుండా. కృపాకర్ రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. తర్వాత తను ఇంగ్లీషులో చెప్పింది టైపు చెయ్యమన్నాడు, తెలుగు చేస్తే ఇదీ. శుభ్రపరచు సందర్భమున బిళ్ళలు తీయబడినవి. పిదప స్టార్టప్ జరిగినది. ఫిట్టరు లోపలనుండుట గూర్చి మిక్సప్ ఏర్పడినది. అంతే. అబద్ధం ఒక్కటి కూడా లేదు. మనుషులు కూడా లేరు.

టైపు చేశాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. కొండలరావుకి పెన్ను ఇచ్చాడు.

కొండలరావు పెన్ను తీసుకోలేదు. నావైపు తిరిగాడు. ఎవురు అని అడగమన్నావు గదా టీచరమ్మా, అడుగుతన్నాను, స్టార్టప్ ఎవురు జరిపేరు అన్నాడు. ఆవులించినవాడు, వెనక గోడకి చేరగిలబడినవాడు, విన్నాడు!

గుమ్మం దగ్గర నిలబడ్డ నజీర్ అహ్మద్, ఎవరు అన్నాడు. వాడి వెనక గవర్రాజు, పోలిరాజు. నిన్నటి మాట తప్పు బాబూ, సూసేం, మళ్ళీ రాసీండి అన్నారు. కృపాకర్ గట్టిగా అరిచాడు. బయటున్న మిగతావాళ్ళు కూడా ఒకణ్ణి చూసి ఒకడు లోపలికి వచ్చేశారు. అందరి నోటా అదొక్క మాటే. ఎవరు? ఎవరు? నాకు ఏడుపొచ్చింది. కోపంతోనే.

పాత కాగితం పక్కన పడేసి టైపు మిషన్లో కొత్తది ఎక్కించాను. కొండలరావు బిళ్ళ తీశాడు. కృపాకర్ బటన్ నొక్కాడు. జాన్‌బాబు బిళ్ళ తగిలించాడు. ఎవరూ చెప్పకుండానే టైపు చేశాను. ఆపు, ఈ రోజుతో నీ పని సరి అన్నాడు కృపాకర్. సరే అన్నాను. చదివి వినిపించాను. కొండలరావు అందరికంటే ముందు సంతకం పెట్టాడు, కృపాకర్ కుర్చీ ఖాళీ చేసి బయటికి వెళ్ళిపోయాడు.

కొండలరావుకి నేను థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

నవంబర్ 21

కంపెనీ పెద్దల దగ్గర్నుంచి తీర్పొచ్చింది. జాన్‌బాబు తప్పు లేదు. చెయ్యి బాగా మానాక ప్యానెల్ దగ్గర కూర్చునే పని. అదే ప్యానెల్. వాడు కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు, తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదలడం చూశాను. పలకరించలేదు.

కొండలరావు ఫోర్‌మన్ పని పోయింది. మామూలు ఆపరేటరు. ఇంగ్లీషు క్లాసు రద్దు.

కృపాకర్‌కి కలకత్తా బదిలీ, ప్రమోషన్ మీద. వచ్చే ఆదివారం చర్చిలో శాలువా కప్పుతారట. సెండాఫ్. నేను వెళ్ళను. ఈ ఒక్క సెండాఫ్‌లో మాత్రం ఎవరు ఎవరిని పంపేశారో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

డిసెంబర్ 25

ఇవాళ క్రైస్తవుల డ్యూటీ మిగిలినవాళ్ళు చేశారు. జాన్‌బాబు పేరు మీద కొండలరావు చేశాడు. జాన్‌బాబు ఇంకా పనిలో చేరనే లేదు, డ్యూటీ ఎక్కడిది? అయినా చేశాడట.

సాయంత్రం మా వీధి చివర నిలబడ్డాడు. జుట్టు వచ్చింది, మీసం పెంచలేదు. నేను కిటికీలోంచి చూసి పిలవలేదు. జాన్‌బాబు కేకు పళ్ళెం పట్టుకుని వెళ్ళాడు. ఒక్క చేత్తో పళ్ళెం పట్టుకుంటే కేకు అందించడానికి ఇంకో చెయ్యి లేదు. కొండలరావే తీసుకున్నాడు. నిలబడే తిన్నాడు.

పాస్టర్ గారు క్షమించమంటారు. ఆయన చెయ్యి ఆయనకి ఉంది.

1982, దసరా

షెడ్డు గేటు బయట నిలబడి చూశాను. ఈ ఏడు బటన్ జాన్‌బాబుని నొక్కమన్నారు. వాడు మేళం ఆపించాడు. బెల్టు కిందికి వంగి, జాన్‌బాబూ అని తన పేరే పెట్టి పిలిచాడు. ఆగాడు. ఇంకోసారి పిలిచాడు. లోపలినుంచి ఎవరూ పలకలేదు.

అప్పుడు నొక్కాడు.